రాళ్లవాన జూన్ దాకా ఆగదు

ప్రభుత్వ బడికి రిపేర్లు ఎప్పుడు చేస్తారని ఎవరినడిగినా ఎండాకాలం సెలవుల్లో అనే చెబుతారు. ఏప్రిల్ చివర్లో బడి మూస్తారు, జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. సున్నాలు, బాత్రూం తలుపులు, పగిలిన రేకులు అన్నీ ఆ మధ్యలోనే. వానాకాలాన్ని దృష్టిలో పెట్టుకుంటే ఈ లెక్క సరైనదే. కానీ తెలంగాణలో బడి పైకప్పుకు మొదటి దెబ్బ తగిలేది వానాకాలంలో కాదు, మార్చి, ఏప్రిల్ నెలల్లో. రాళ్లవాన వచ్చి రేకులు పగలగొట్టి పోయిన నెలకో, నెలన్నరకో మేస్త్రీ నిచ్చెన వేస్తాడు.

2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో పడిన వడగళ్లు చాలామందికి గుర్తుండే ఉంటాయి. నేలంతా తెల్లబడితే, ఇది కశ్మీరా అని జనం వీడియోలు తీసుకున్నారు. వారం తిరిగేసరికి అప్పటి ముఖ్యమంత్రి ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో దెబ్బతిన్న పంటలు చూసి ఎకరాకు 10 వేల రూపాయలు ప్రకటించారు. పంటకు ఒక పద్ధతంటూ ఉంది. 33 శాతం, ఆపైన పోతే నష్టం కింద రాసుకుంటారు. కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో వడగళ్లూ ఉన్నాయి. బడి రేకు పగిలినప్పుడు మాత్రం ఆ హడావుడి కనిపించదు. హెచ్ఎం ఫొటో తీసి గ్రూపులో పెడతారు. కింద రెండు నమస్కారాల బొమ్మలు వస్తాయి.

ఎక్కువ దెబ్బ తినేది తరగతి గది కూడా కాదు, వంటగది. చాలాచోట్ల అది నాలుగు ఇనుప పైపుల మీద సిమెంటు రేకులు పరిచిన షెడ్డు. రాళ్లు పడిన మర్నాడు వంట చేసే అమ్మ మొదట బియ్యం సంచి జరుపుకుంటుంది, తర్వాత పొయ్యిలో నీళ్లు తోడుకుంటుంది, ఆ పైన రేకు కన్నం కింద బక్కెట్టు పెట్టి పప్పు ఎక్కిస్తుంది. ఆ బక్కెట్టు జూన్ దాకా అక్కడే ఉంటుంది.

మేము అడుగుతున్నది కొత్త పథకం కాదు. పైకప్పును చూసే నెల మార్చమంటున్నాం. సంక్రాంతి సెలవులు అయ్యి బడి తెరిచిన వారంలోనే ఈ పని పెట్టుకోవాలి. రేకుల గదికి ఇంజనీరు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం తలుపులు, కిటికీలు మూసి నేల చూస్తే చాలు. కన్నం ఉన్న ప్రతిచోటా రూపాయి బిళ్లంత వెలుగు పడుతుంది. అయిదో తరగతి పిల్లలతో సుద్దముక్క పెట్టి గుర్తు వేయించవచ్చు. పైకి ఎక్కడం మాత్రం వద్దు. పాత సిమెంటు రేకు మనిషి బరువుకు పుటుక్కున విరుగుతుంది. మేస్త్రీ అయినా దాని మీద చెక్క పలక వేసుకునే నడవాలి.

స్లాబు బడికి ఈ బెడద లేదనుకోవడం పొరపాటు. వడగళ్లతో పాటు వచ్చే ఈదురుగాలికి వేపాకులు, రెమ్మలు స్లాబు మీదికి చేరతాయి. మంచుగడ్డలు వాటితో కలిసి తూముకు అడ్డం పడతాయి. నీళ్లు పిట్టగోడ వారన నిలిచి, సన్నటి పగుళ్లలోంచి దిగి, లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తాయి. రెండు మూడేళ్లకు పెచ్చులు ఊడి బెంచీల మీద పడినప్పుడు ఆ రాళ్లవాన ఎవరికీ గుర్తుండదు. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో బడి కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అది వడగళ్ల వల్ల జరిగింది కాదు. కానీ పైకప్పును సకాలంలో చూడకపోతే ఏమవుతుందో అక్కడ చూశాం.

ఏ రేకు వేయాలన్నది మరో సంగతి. సిమెంటు రేకు ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు నాని పెళుసెక్కుతుంది, గట్టి రాయి పడితే ముక్కలవుతుంది. ఇనుప రేకు సొట్టపోతుందే గానీ సాధారణంగా చిల్లి పడదు. అయితే పల్చటి రేకు తెచ్చి, దూరం దూరంగా పైపులు వేసి, రబ్బరు వాషర్లు లేకుండా బిగిస్తే రాళ్లకంటే ముందు గాలే దాన్ని లేపుకుపోతుంది. వెలుతురు కోసం మధ్యలో వేసే ప్లాస్టిక్ రేకు అన్నిటికంటే బలహీనం. పాతవన్నీ ఒకేసారి మార్చడానికి డబ్బు లేకపోతే, పిల్లలు కూర్చునే చోట రేకుల కింద ఇనుప జాలీ కట్టినా ముక్క తల మీద పడకుండా ఆగుతుంది. ఇప్పుడు బడుల మీదికి సోలార్ పలకలూ వస్తున్నాయి. వాటికి చేసే మామూలు పరీక్షలో 25 మిల్లీమీటర్ల మంచుగుండును గంటకు దాదాపు 83 కిలోమీటర్ల వేగంతో కొడతారు. నిమ్మకాయంత రాళ్లు పడే ఊళ్లో అది చాలదు. ఇంకా పెద్ద గుండుకు తట్టుకున్న పలకలు కావాలని టెండర్‌లోనే రాయాలి.

డబ్బు దగ్గరికొస్తే అసలు చిక్కు తెలుస్తుంది. బడులకు కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల ప్రకారం 30 మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10 వేల గ్రాంటు, 100 మంది దాకా 25 వేలు, 250 దాకా 50 వేలు. సుద్దముక్కలకు, కరెంటు బిల్లుకు, శుభ్రతకు కూడా ఇందులోంచే. పిల్లలు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది, పైకప్పు మాత్రం తగ్గదు. తగ్గిన బడిలోనే పాత రేకులుంటాయి కూడా. అందుకే మండలానికి ఒకచోట కొన్ని రేకులు, స్క్రూలు, నాలుగైదు టార్పాలిన్లు ముందే కొని పెట్టాలి. రాళ్లు పడిన మూడో రోజుకు అవి బడికి చేరాలి. ప్రభుత్వ బడులను బాగుచేయడానికి రాష్ట్రంలో 2022లో మొదలైన ‘మన ఊరు - మన బడి’కి 26,065 బడుల కోసం 7,289 కోట్లు అనుకున్నారు. 12 రకాల పనుల్లో మరమ్మతులు, వంటగదులూ ఉన్నాయి. 2024లో ఆ బాధ్యత మహిళా సంఘాల సభ్యులు, తల్లులు ఉండే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు వచ్చింది. పథకం పేరు మారినా, వేసిన రేకును ఏటా ఎవరు చూడాలన్నది మాత్రం ఏ బోర్డు మీదా రాయలేదు. ఆ కమిటీలకే జనవరి తనిఖీ అప్పగించి, ఫిబ్రవరి లోపు చిన్న పనులకు డబ్బు విడుదల చేయాలి. మార్చి 31కి ముందు హడావుడిగా వచ్చే డబ్బుతో రంగులే పడతాయి.

ఇన్నాళ్లూ పెద్ద ప్రమాదాలు తప్పాయంటే అందులో ఒంటిపూట బడుల పుణ్యమే ఎక్కువ. వడగళ్లు ఎక్కువగా పడేది మధ్యాహ్నం తర్వాత, సాయంత్రం. అప్పటికి పిల్లలు ఇళ్లకు చేరిపోతారు. గురుకులాల్లో, వసతి గృహాల్లో ఉండే పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. వాతావరణ శాఖ రాబోయే మూడు గంటలకు జిల్లాలవారీగా హెచ్చరిక ఇస్తోంది. అది కలెక్టరేట్ దాకా వచ్చి ఆగిపోకుండా వార్డెన్ ఫోన్‌కు చేరాలి. రేకుల షెడ్డులో ఉన్న పిల్లల్ని ఏ స్లాబు గదిలోకి మార్చాలో గోడ మీద ముందే రాసి ఉండాలి. పగిలిన సిమెంటు రేకు ముక్కల్ని చీపురుతో పొడిగా ఊడవకుండా, నీళ్లు చల్లి, సంచిలో కట్టి పంపించాలి. ఆ రేకుల్లో ఉండే ఆస్‌బెస్టాస్ పీచు దుమ్ము ఊపిరితిత్తులకు హాని. చాలా బళ్లలో ఆ ముక్కలు ఇప్పటికీ ప్రహరీ వెనక కుప్పగా ఉన్నాయి, పిల్లలు వాటితోనే తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు.