ఎనుము ఇచ్చారు సరే, వట్టిపోయిన నెలల్లో ఏం తినాలి?

దీపావళి దాటాక కర్నూలు జిల్లా కోసిగి వైపు ఊర్లలో తెల్లవారుజామున నిలబడి చూడండి. బియ్యం మూటలు, గిన్నెలు, చంకలో పిల్లలు. వీధులకు వీధులే సుగ్గికి, అంటే కూలి పనులకు వలస పోతాయి. గుంటూరు వైపు పత్తి తీయడానికి, ఆ తర్వాత మిరపకాయలు కోయడానికి. మళ్లీ వచ్చేది ఉగాదికి అటూ ఇటూ. పక్కనే తుంగభద్ర పారే మండలాల్లోనూ ఇదే పరిస్థితి.

మా వీధి చివర ఒక అక్క ఉంది. సెంటు భూమి లేదు. మూడేళ్ల కిందట పొదుపు సంఘం లోను మీద ఎనుమును, అదే బర్రెను, తెచ్చుకుంది. ఫోటోలు తీసుకున్నారు, చప్పట్లు కొట్టారు. కొన్ని నెలలు బాగానే గడిచింది, పాల డెయిరీకి పాలు పోసేది. ఎండలు ముదిరేసరికి ఎనుము వట్టిపోయింది. సొంత చేను ఉన్నవాళ్లకు జొన్న సొప్ప, వేరుశనగ కట్టె వామిలో ఉంటాయి. ఆమె ప్రతి మోపూ కొనాల్సిందే. పాలు ఆగాయి, లోను కంతు ఆగలేదు. చివరికి సంతలో సగం ధరకు అమ్మి, మిగిలిన అప్పు కోసం సుగ్గికి పోయింది. ఆరో తరగతి చదివే కూతురిని కూడా బడి మాన్పించి తీసుకుపోయింది.

‘ఇచ్చినా నిలబెట్టుకోలేరు వీళ్లు’ అని ఆ రోజు ఒకాయన నా ముందే అన్నాడు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. చిన్నప్పటి నుంచి ఊర్లోవాళ్ల జీవాలను మేపిన మనిషికి ఎనుమును సాకడం రాదా? ఎనుము వట్టిపోయిన ఆ నాలుగు నెలలు మేతకూ ఇంటికీ చేతిలో డబ్బు లేదు. ఇంతే జరిగింది.

ఈ సంగతి తెలిసి పని చేసినవాళ్లు ఉన్నారు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో నిరుపేద కుటుంబాల కోసం మొదలుపెట్టిన పథకంలో పశువు ఒక్కటే ఇచ్చి వదిలేయలేదు. దాని మీద ఆదాయం వచ్చేదాకా ఇంటి ఖర్చుకు కొంత డబ్బు ఇచ్చారు, ఇంటికి వచ్చి సాకే పద్ధతి నేర్పారు. అంత దూరం ఎందుకు, మన సీమలోనే ఉపాధి హామీ పనుల కింద పేద రైతుల చేలల్లో మామిడి మొక్కలు పెట్టించి, నీళ్లు పోసి కాపాడినందుకూ కూలి ఇచ్చారు. మామిడి కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది కదా, అందాకా రైతు ఊర్లో ఉండాలంటే అది కావాలి. కానీ చేను ఉన్నవాళ్లకే అది. మా అక్కలాంటి వాళ్లకు ఉపాధి కూలి ఒక్కటే దిక్కు.

ఆ ఉపాధి పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ఏడాదికి 100 రోజుల పని, 15 రోజుల్లో కూలి అని అప్పటి చట్టంలో రాశారు. కూలి నెలల తరబడి పడకపోతే మనిషి ఏం చేస్తుంది? కూలీలను సుగ్గికి తీసుకుపోయే మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుంటుంది. తీసుకున్నాక పోక తప్పదు.

పొదుపు సంఘాలను నేను తక్కువ చేయడం లేదు. ఓర్వకల్లు ఆడవాళ్లు పొదుపుతో ఎంత దూరం వచ్చారో కర్నూలులో అందరికీ తెలుసు. నేను అడిగేది ఒక్కటే. పశువుల లోను ఇచ్చేటప్పుడే మేత ఖర్చు అందులో కలపండి, వట్టిపోయిన నెలల్లో కంతు ఆపండి, మళ్లీ ఈనాక కట్టించుకోండి.

మా సంఘంలో మళ్లీ లోన్లకు పేర్లు రాస్తున్నారు. ఆ అక్క ఇంకా రాయించుకోలేదు, కంతు సంగతి తేలితేనే అంటోంది. చెప్పేదేదో వినాయక చవితి లోపలే చెప్పండి. దీపావళికి మేస్త్రి బండి వస్తుంది.