ఆర్.ఎ. ఫ్యాక్టర్ రిపోర్టు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ రిపోర్టు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంటి ఆనవాయితీ అయినా, ఈ ఉత్తరంలో అందులో సగమే నిజం. మీరు కుశలం. 2021 దసరాకు వారం ముందు తెనాలిలోని ఒక లాబులో పుట్టిన మీరు, నేను ఆ సాయంత్రమే ముప్పై రూపాయలు పోసి లామినేషన్ చేయించిన పుణ్యాన, నేటికీ మడత పడకుండా, సాంబారు మరక అంటకుండా నిగనిగలాడుతున్నారు. మీ నెత్తిన ఎవరి పేరు అచ్చయిందో ఆవిడ, అంటే నా భార్య, ఈ ఉదయం మంచం దిగి గోడ పట్టుకుని వంటింటి గుమ్మం చేరేసరికి, పాలవాడు ప్యాకెట్లు వేసి వెళ్లి ముప్పావుగంట అయింది.

మీలో ఉన్న విషయం ఒక్క పంక్తి. కీళ్లవాతం ఉందేమోనని చేసే రక్తపరీక్ష, ఆర్.ఎ. అనగా రుమటాయిడ్ ఫ్యాక్టర్ 8, ఇరవై లోపు అయితే నెగటివ్. ఆ ఒక్క పంక్తితో మీరు మా ఇంటిని రెండేళ్లు ఏలారు. అవి కరోనా రోజులు. నెగటివ్ అన్న మాట చెవిన పడితే దేవుడికి కొబ్బరికాయ కొట్టే కాలం. నేను మిమ్మల్ని మా అమ్మకు, వదినకు, మా అత్తవారికి, ఊరికే పలకరించిన పాపానికి గ్యాసు బండ తెచ్చిన అబ్బాయికి కూడా చూపించాను. “కాగితంలో ఏమీ లేదటగా, మరి కోడలికి ఈ మూలుగేమిట్రా?” అని మా అమ్మ అడిగినప్పుడు, జవాబు చెప్పవలసిన నేను మీ వైపు చూసి తల ఊపాను.

తమరి ఏలుబడిలో జరిగిన కొన్ని సంగతులు మనవి చేసుకుంటాను. ఆమె కుడిచేతి చూపుడువేలు మొదలు నుంచి కొస దాకా ఒకే లావున ఉబ్బింది. వైద్యగ్రంథాలు ఇటువంటి వేలిని సాసేజ్‌తో పోలుస్తాయట. ఆ పదార్థం మా గడప తొక్కలేదు కనుక మా అత్తగారు మిరపకాయ బజ్జీ అన్నారు, పోలిక చక్కగా కుదిరింది. గోళ్ల మీద సూదితో పొడిచినట్టు సన్నని గుంటలు పడితే, కాల్షియం తక్కువైందని నేనే తేల్చాను. చెవి వెనుక, జుట్టు మొదట్లో తెల్లని పొట్టు రాలితే చుండ్రు అన్నాను, వరుసగా నాలుగు షాంపూలు మార్చాను. నిద్ర లేవగానే మడమ నేలకు ఆనించలేక మునివేళ్ల మీద నడుస్తుంటే చెప్పులు మార్చమన్నాను. ఎంతసేపు కదలకుండా ఉంటే అంతగా బిగుసుకుపోయే జబ్బు అది. ఆ సంగతి తెలియని నేను, ఆదివారాలు ఆమెను బలవంతంగా పడుకోబెట్టి, సోమవారాలు ఇంకా అధ్వాన్నంగా లేస్తోందేమిటని విసుక్కున్నాను.

ఒకనాటి సాయంత్రం ఆవిడ ఇడ్లీ పిండి ఉన్న స్టీలు డబ్బాను రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని, ఏమీ అనకుండా తెచ్చి నా ముందు పెట్టింది. నేను మూత తీసి ఇస్తూ, ఊరుకోవచ్చు కదా, “రిపోర్టు బాగానే ఉందిగా, కాస్త మనసు గట్టి చేసుకో” అన్నాను. “అయితే రేపటి నుంచి ఆ రిపోర్టునే పిలుస్తానండీ, మూత అదే తీస్తుంది” అని డబ్బా తీసుకుని వెళ్లిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నన్నన్న మాటల్లో అంత మర్యాదగా తగిలింది మరొకటి లేదు.

2023లో విజయవాడలో ఒక కీళ్లవాతాల వైద్యురాలి దగ్గరకు వెళ్లినప్పుడు, రైల్లో మిమ్మల్ని ఒళ్లో పెట్టుకుని తీసుకువెళ్లాను. ఆవిడ మీ మొహం చూడలేదు. గోళ్లను దీపం కిందకు తెచ్చి చూశారు, చెవి వెనుక జుట్టు తొలగించి చూశారు, మడమ వెనుక నొక్కి మా ఆవిడ ఉలిక్కిపడేదాకా ఆగారు, చివరకు తండ్రిగారి చర్మం సంగతి అడిగారు. మా మామగారు మండువేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకునేది మోచేతుల మీది పొలుసులు దాచడానికేనని నాకు ఆ గదిలో తెలిసింది. అది సోరియాసిస్, ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు. ఆ మాట ఆయనకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఎన్ని ఎండాకాలాలు కలిసివచ్చేవో.

సోరియాటిక్ ఆర్థరైటిస్, అంటే సోరియాసిస్‌తో ముడిపడిన కీళ్లవాతం అని ఆవిడ అనగానే, ఓడిపోతున్న ప్లీడరు ఆఖరి సాక్షిని బోనెక్కించినట్టు, నేను మిమ్మల్ని బల్ల మీద పెట్టాను. ఆవిడ నవ్వి, ఒక కాగితం మీద లెక్క వేశారు. ఈ జబ్బును లెక్కగట్టడానికి 2006లో వచ్చిన కాస్పర్ ప్రమాణాలని ఉన్నాయట. వాపుతో కూడిన కీళ్ల జబ్బు ఉన్నవారికి చర్మం మీద సోరియాసిస్ కనబడితే 2 మార్కులు, గోళ్ల గుంటలకు 1, వేలు మొత్తం ఉబ్బితే 1. అన్నీ కలిపి 3 వస్తే చాలు. నేను చుండ్రు అన్నది సోరియాసిసే కనుక మా ఆవిడకు 4 వచ్చాయి. అప్పుడు డాక్టరు గారు మిమ్మల్ని వేలితో తట్టి ఐదో మార్కు వేశారు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ నెగటివ్ అయినందుకు 1.

జబ్బు లేదనడానికి రెండేళ్ల పాటు నేను మోసుకు తిరిగిన సాక్షి, మొదటి నుంచీ అవతలి పక్షంవాడన్నమాట! మీరు అబద్ధం చెప్పలేదు. మిమ్మల్ని పుట్టించింది రుమటాయిడ్ అనే వేరొక కీళ్లవాతం కోసం, అక్కడ కూడా మీ మాటే ఆఖరి మాట కాదు, ఏ జబ్బూ లేని ముసలివారిలో సైతం మీరు ఒక్కోసారి పాజిటివ్ అంటారట. ఎక్స్‌రేలో మాత్రం ఆ చూపుడువేలి చివరి కణుపు దగ్గర ఎముక కొరికినట్టు కనబడింది. మందులు జబ్బును ఇక్కడితో ఆపవచ్చునుగాని పోయిన ఎముకను తెచ్చిపెట్టలేవని చెప్పారు. అందులో ఎన్నో వంతు నా తల ఊపుడికి చెందుతుందో ఏ ప్రమాణాలలోనూ లేదు.

ఇక తమరి ప్రస్తుత ఉద్యోగం గురించి. ఈ జబ్బుకు రాసిన మెథోట్రెక్సేట్ బిళ్లలు వారానికి ఒక్క రోజే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుందని డాక్టరు గారు మూడుసార్లు చెప్పి, నాచేత ఒకసారి చెప్పించారు. మాకు బుధవారం రాయించారు, శుక్రవారం ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ బిళ్ల. బిళ్ల వేసుకున్నట్టు గీత పెట్టుకోవడానికి నున్నటి పలక ఏదైనా ఉందా అని మా ఆవిడ వెతికితే, ఇంట్లో మీ వీపు కంటే నున్ననిది దొరకలేదు. అందుకే మీరిప్పుడు ఫ్రిజ్ తలుపుకు బోర్లా అతుక్కుని ఉన్నారు. చేతులు సహకరించిన వారం గడులు ఆవిడే గీస్తుంది, లేని వారం నేను గీస్తాను, నా గీతలు వంకరని చెబుతుంది. గురువారాలు ఆమెకు వికారంగా ఉంటుంది కనుక ఆ పూట చారు నేను పెడతాను. దాని రుచి గురించి ఆవిడ ఇంతవరకు రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. రక్తకణాలు, కాలేయం చూడడానికి మీ చుట్టాలు కొందరు అప్పుడప్పుడు ఇంటికి వస్తున్నారు. వారికి లామినేషన్ చేయించడం లేదు.

ఇవాళ బుధవారం. గడి ఇంకా ఖాళీగానే ఉంది. మార్కరు మూత బిగుసుకుపోయిందని వంటింట్లోంచి పిలుపు వచ్చింది కనుక సెలవు.

ఇట్లు,
తమరిని లామినేషన్ చేయించినవాడు