నొప్పి తెలియకుండా మీడియా నీతి

జర్నలిజంలోకి వచ్చే పిల్లలకు నీతి నేర్పే పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉంది. ఆ నీతిని తెలుగులో చెబుతున్నారు. డబ్బు పుచ్చుకుని వార్త రాయడం అంటే అక్షరం ముక్క రాని అమ్మమ్మ కూడా "ఛీ, అదేం బుద్ధి" అంటుంది. అదే అడ్వర్టోరియల్ అనండి, మార్కెటింగ్ ఇనీషియేటివ్ అనండి, అమ్మమ్మ అడ్డు చెప్పదు. ఇంటర్వ్యూలో పెద్దాయన తల కూడా ఊపుతాడు. నీతి పాటించడానికి జీవితకాలం పడుతుంది, ఇంగ్లీషు పదజాలానికి పదిహేను రోజులు చాలు. తెలివైనవాడు ఏది ఎంచుకోవాలో వేరే చెప్పనక్కర్లేదు. అందుకే ఈ పదాల సిలబస్. బ్రేకింగ్, ఎక్స్‌క్లూజివ్ లాంటివి ఇందులో పెట్టలేదు. అవి అంగన్‌వాడీ పిల్లలకే వచ్చు.

ముందు సోర్స్, అంటే సమాచారం ఇచ్చినవాడి సంగతి. ఇందులో నాలుగు మెట్లున్నాయి. ఆన్ రికార్డ్ అయితే పేరుతో సహా రాయొచ్చు. నాట్ ఫర్ అట్రిబ్యూషన్ అయితే మాట వాడొచ్చు, పేరు చెప్పకూడదు. డీప్ బ్యాక్‌గ్రౌండ్ అయితే సమాచారం వాడుకోవాలే తప్ప ఫలానా వర్గాలు అన్నాయని కూడా రాయకూడదు. ఆఫ్ ది రికార్డ్ అయితే అసలు రాయకూడదు. ఏ మెట్టు మీద మాట్లాడుతున్నామో నోరు విప్పకముందే ఇద్దరూ ఒప్పుకోవాలి. మన దగ్గర ఈ క్రమాన్ని కొంచెం తిరగేశాం. నాయకుడు అనవలసినవన్నీ అనేసి, ఎదురుగా ఉన్న లోగోల వైపు (టీవీవాళ్లు మైకును అలాగే అంటారు) ఓసారి చూసి, "ఇది ఆఫ్ ది రికార్డ్ తమ్ముళ్లూ" అంటాడు. అప్పటికే ఆ మాట స్క్రోలింగ్‌లో మూడో రౌండు తిరుగుతుంటుంది. పేరు చెప్పలేని చోట సోర్స్ ఎప్పుడూ బహువచనంలోనే ఉండాలి. చెప్పినవాడు ఒక్కడైనా "విశ్వసనీయ వర్గాలు" అనే రాయాలి. ఆ ఒక్కడూ పక్క చానల్ రిపోర్టరైతే "అత్యంత విశ్వసనీయ వర్గాలు". అసలు ఎవరూ చెప్పకపోతే భోగట్టా.

రైట్ ఆఫ్ రిప్లై సాధనకు ఒక ఫోను ఉంటే చాలు. ఎవరి మీద రాస్తున్నామో ఆ మనిషికి ప్రతి ఆరోపణా విడివిడిగా చెప్పి, జవాబివ్వడానికి తగినంత వ్యవధి ఇవ్వాలన్నది దీని భావం. ఆచరణలో, రోజంతా కథనం అల్లుకుని, జిల్లా పేజీ ప్రెస్సుకు వదలడానికి పావుగంట ఉందనగా నంబరు కొట్టాలి. మూడో రింగు లోపే పెట్టేయాలి. నాలుగో రింగుకు ఎత్తే మొండివాళ్లుంటారు, ఎత్తితే పేజీ మళ్లీ కట్టాలి. "వివరణ కోసం ప్రయత్నించగా ఆయన అందుబాటులోకి రాలేదు" అన్న వాక్యం మధ్యాహ్నమే టైపు చేసి ఉంటుంది కాబట్టి శ్రమ వృథా పోదు.

అలెజ్డ్ అన్న మాట మీద వార్తలు దిద్దే డెస్కులకు అపారమైన భక్తి. "ఆరోపణలున్నాయి" అని తగిలిస్తే ఏదైనా వేసుకోవచ్చన్నది ఆ నమ్మకం. చట్టానికి మాత్రం ఆ భక్తి లేదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టానికి రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఒకరు వేసిన నిందను మళ్లీ అచ్చేసినవాడు "నేను అనలేదు, వాళ్లన్నారు" అన్నంత మాత్రాన బయటపడడు. శీర్షిక చివర ప్రశ్నార్థకానిదీ అదే గతి, అయినా దాన్ని తాయెత్తులా కడుతూనే ఉంటారు. "ఆ భూమి బావమరిదిదేనా?" అని పొద్దున అడిగిన చానలే సాయంత్రానికి "బావమరిది భూబాగోతం" అంటుంది. మధ్యలో జవాబు ఎవరిచ్చారో ఎవరూ అడగరు.

ఐడెంటిటీ పాఠం కాస్త చేదు. లైంగిక దాడి బాధితులెవరో తెలిసేలా రాయకూడదు. పిల్లల విషయంలో, వాళ్లపై లైంగిక నేరాల చట్టమైన పోక్సోలోని 23వ సెక్షన్ పేరు, ఫొటోలతోనే ఆగకుండా చిరునామా, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు వివరాలు కూడా వద్దంది. స్టూడియోలు ఇందులో ఫొటో వరకు శ్రద్ధగా చదివాయి. ముఖానికి మసక వేస్తారు. ఆపైన కెమెరా వీధి మొగ నుంచి ఇంటి గేటు దాకా నడుస్తుంది, తండ్రి దుకాణం బోర్డు దగ్గర కాసేపు ఆగుతుంది, మేనత్త బైట్ (కెమెరా ముందు నాలుగు మాటలు) తీసుకుంటుంది. ఒక్కో ముక్క ఒక్కో చానల్ ఇచ్చినా, అన్నీ కలుపుకుంటే ఆ పిల్ల ఎవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. దీన్ని జిగ్‌సా ఐడెంటిఫికేషన్ అంటారు. ఆ మాట తెలియకపోయినా పని మాత్రం అందరికీ వచ్చు.

తెలుగువాళ్లు ఛాతీ విరుచుకోవలసిన పదం పెయిడ్ న్యూస్, అంటే డబ్బు పుచ్చుకుని వార్తగా వేసే ప్రచారం. 2009 ఎన్నికల్లో ఈ వ్యాపారాన్ని బయటపెట్టిన వాళ్లలో ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ ముందు వరుసలో ఉంది. పత్రికల మంచిచెడ్డలు చూసే ప్రెస్ కౌన్సిల్ దీని మీద వేసిన ఉపసంఘంలో ఇద్దరే సభ్యులు, ఇద్దరూ పాత్రికేయులే. ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, రెండోవారు మన కె. శ్రీనివాస్ రెడ్డి. ఇద్దరూ పత్రికల పేర్లతో సహా 71 పేజీలు రాసిచ్చారు. 2010లో కౌన్సిల్ ఆ పేర్లు తీసేసి పొట్టి నివేదిక విడుదల చేసింది. పూర్తి పాఠం అందరి ముందుకు రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసివచ్చింది. ఎడిటింగ్ అంటే ఏమిటని అడిగే విద్యార్థికి ఇంతకన్నా మంచి ఉదాహరణ చూపించలేం.

సరుకును గుర్తుపట్టడం తేలికే. బైలైన్ (రాసినవాడి పేరు) ఉండదు. రెండు వేర్వేరు పత్రికల్లో ఒకే వార్త కామాలతో సహా కనిపిస్తుంది. ఒకే పేజీలో ఎడమవైపు ఒక అభ్యర్థి విజయం ఖాయం, కుడివైపు అతని ప్రత్యర్థి విజయం తథ్యం. ఎన్నికల సంఘం దీన్ని పట్టుకోవడానికి జిల్లాకో మీడియా పర్యవేక్షణ కమిటీ పెట్టింది. వార్త వచ్చిన 96 గంటల్లోపు రిటర్నింగ్ అధికారి అభ్యర్థికి నోటీసివ్వాలి, ఆయన 48 గంటల్లో జవాబివ్వాలి. అది పెయిడ్ న్యూసే అని తేలితే ప్రభుత్వ ప్రకటనల రేటు చొప్పున లెక్కగట్టి ఆయన ఖర్చులో కలుపుతారు. పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 40 లక్షలు. అసలు బేరం ఏ రేటుకు కుదిరిందో రసీదులో ఉండదు, ఎందుకంటే రసీదే ఉండదు. ఉత్తరప్రదేశ్‌లో బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్ ఇలాంటి ఖర్చు చూపనందుకు 2011లో మూడేళ్లపాటు అనర్హురాలయ్యారు. ఆ వార్తలు వేసిన పత్రికలు మర్నాడు కూడా యథావిధిగా వెలువడ్డాయి.

కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్‌ను, అంటే ఒకే మనిషిలో రెండు ప్రయోజనాలు ఢీకొనడాన్ని, మండల స్థాయిలో ప్రాక్టికల్‌గా నేర్పుతారు. కంట్రిబ్యూటర్‌కు, అంటే మండల విలేకరికి, జీతం ఉండదు. అచ్చయినదాన్ని కొలిచి ఇచ్చే లైన్ అకౌంటు ఉంటుంది, అది బండి పెట్రోలుకు చాలదు. యాడ్ టార్గెట్ మాత్రం జనవరి 1కీ, సంక్రాంతికీ, ఆగస్టు 15కీ తప్పకుండా ఉంటుంది. మండలంలో యాడ్ ఇవ్వగలిగే స్తోమత ఎవరికుంది? ఇసుక కాంట్రాక్టరు, ప్రైవేటు బడి కరస్పాండెంటు, రైస్‌మిల్లు యజమాని, ఎంపీపీ. అదే మండలంలో నిఘా పెట్టి రాయవలసింది ఎవరి మీద? పై వరుస మళ్లీ చదువుకోండి. లారీలు రాత్రిపూట తిరుగుతున్నాయని ఉదయం రాసినవాడే సాయంత్రం శుభాకాంక్షల ప్రకటన కోసం అదే గుమ్మం ఎక్కాలి. వార్త రాకపోయినా ప్రకటన రావచ్చు, ప్రకటన రాకపోతే మాత్రం వార్త వచ్చి తీరుతుంది. యాజమాన్యాలు ఏటా నవంబరు 16న, జాతీయ పత్రికా దినోత్సవాన, ఏసీ హాల్లో సెమినార్ పెట్టి గ్రామీణ విలేకరుల్లో విలువలు పడిపోతున్నాయని కలత చెందుతాయి. ఆ సెమినార్ వార్తను కవర్ చేసేదీ లైన్ అకౌంటువాడే.

ఇక కరెక్షన్. తప్పు సవరించేటప్పుడు వెంటనే, తగిన ప్రాముఖ్యంతో వేయాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతుంది. అయిదు కాలమ్‌ల బ్యానర్‌గా వచ్చిన తప్పుకు తగిన ప్రాముఖ్యమంటే, వాడుకలో, పోయిన సర్టిఫికెట్ల ప్రకటనల పక్కన సింగిల్ కాలమ్. "నిన్నటి సంచికలో ఒక వార్త పొరపాటున ప్రచురితమైంది, చింతిస్తున్నాం." ఏ వార్త, ఏం పొరపాటు అన్నవి చెప్పకూడదు, చెబితే చదవనివాళ్లకూ తెలుస్తుంది. వెబ్‌సైట్లో అయితే ఈ మాత్రం చింత కూడా అక్కర్లేదు, చప్పుడు చేయకుండా వాక్యం మార్చేసుకోవచ్చు. దీన్ని స్టెల్త్ ఎడిట్ అంటారు.

నొచ్చుకున్న పాఠకుడు ముందు సంపాదకుడికి రాయాలి. అక్కడ న్యాయం జరగకపోతే, దినపత్రిక విషయంలో రెండు నెలల్లోపు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం 14వ సెక్షన్ కింద కౌన్సిల్ పత్రికను వార్న్ (హెచ్చరిక) చేయవచ్చు, అడ్మానిష్ (మందలింపు) చేయవచ్చు, సెన్సూర్ (అభిశంసన) చేయవచ్చు. రూపాయి జరిమానా వేసే అధికారం మాత్రం లేదు. విద్యార్థులు ఈ మూడు క్రియల మధ్య తేడా కంఠస్థం చేయాలి, పరీక్షలో అయిదు మార్కులకు వస్తుంది. పత్రికలకు ఆ తేడాతో ఇంతవరకు పని పడలేదు. టీవీలోకి వెళ్లదలచుకున్నవాళ్లు ఈ పేజీ వదిలేయవచ్చు, చానళ్లు కౌన్సిల్ పరిధిలోకే రావు.