కమ్మీలు మింగిన కానుగ

విశాఖ ఎంవీపీ కాలనీలో నేను రోజూ పొద్దున నడిచే దారిలో ఒక కానుగ చెట్టుంది. నిన్న చెప్పు తెగి దాని నీడలో ఆగితే అప్పుడు కనిపించింది. చెట్టు ఇనుప కమ్మీల్ని మింగేస్తోంది!

మొక్కగా ఉన్నప్పుడు ఆవులు తినకుండా చుట్టూ పెట్టిన ట్రీగార్డు అది. చెట్టు లావెక్కింది, గార్డు అలాగే ఉండిపోయింది. కమ్మీల మీదకి బెరడు పెదవుల్లా పొర్లి మూసుకుంది. రేకు మీద రాయించిన దాత పేరులో రెండక్షరాలే మిగిలాయి. వింతగా ఉందని ఫోటో తీశాను. ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే మనసు పాడైపోయింది. అడ్డపట్టీకి పైన కాండం ఉబ్బిపోయి ఉంది, కింద సన్నగా ఉంది.

ఆకులు చేసిన ఆహారం వేళ్లకి దిగేది బెరడు లోపలి పొరలోంచే. చుట్టూ ఇనుము బిగుసుకుంటే అది పైనే ఆగిపోతుంది, ఆ ఉబ్బు అందుకే. వేళ్లు మాడుతున్నా కొన్నాళ్లు చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. నొక్కుకుపోయిన చోట కాండం బలహీనపడి, పెద్ద గాలికి అక్కడే విరగొచ్చు.

గాలి అంటే ఏంటో మన ఊరికి చెప్పాలా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక పచ్చటి కొండలు మాడినట్టు అయిపోయాయి. నీడ విలువ అప్పుడు తెలిసి అందరం ఆరాటంగా మొక్కలు నాటాం. ఈ కానుగ కూడా అప్పటిదేనని దాని కింద ఇస్త్రీ బండి పెట్టుకునే ఆయన చెప్పాడు. అలా పెంచుకున్న చెట్టుకి మనమే ఉరి బిగిస్తే ఎలా? ఉప్పుగాలికి గేట్లే తుప్పు పట్టి రాలతాయి, గార్డు కూడా రాలిపోతుందిలే అనుకుంటాం. ఈలోపే చెట్టు లావెక్కిపోతుంది.

ఒక ఆఫీసుకి ఫోన్ చేశాను. "చెట్టు కొట్టించాలా అండీ?" అన్నారు. కాదు, గార్డు తీయించాలి అంటే అది ఎవరి పనో అక్కడ ఎవరూ చెప్పలేకపోయారు. చాలా కోపం వచ్చింది. నాటిన రోజు బ్యానరు కట్టి అంతమంది నిలబడతారు కదా, గార్డు ఎప్పుడు తీయాలో కూడా ఆ రోజే ఎవరికైనా అప్పజెప్పొచ్చు కదా!

అర్జీ రాసి ఇచ్చాను. అనుమతి రాగానే వెల్డింగ్ షాపతను వస్తానన్నాడు. లోపలికి పోయిన ఇనుము లాగితే బెరడు చీలిపోతుంది కాబట్టి, బయటికి ఉన్నంతవరకే కోయిస్తాం. అదే వీధిలో ఇంకో నాలుగు చెట్లకి గార్డుకీ కాండానికీ మధ్య రెండు వేళ్ల సందు ఇంకా ఉంది. ముందు అవి తీయించాలి. ఒక గార్డుకి ఇస్త్రీ ఆయన బట్టల సంచి తగిలిస్తాడు. "అది తీసేస్తే చెట్టుకి మేకు కొట్టుకుంటాలెండి" అన్నాడు. వద్దన్నాను. మా ప్రహరీకి కొక్కెం పెట్టిస్తున్నాను.