లూప్‌ని సగం సగం పంచుకోకండి

సైకిల్‌కి సామాను కట్టుకుని చేసే రెండు రోజుల ట్రిప్‌ల గురించి ఒక వ్యాసం చదివాను. వారాంతంలో లూప్ ట్రైల్‌ని, అంటే బయల్దేరిన చోటికే తిరిగి చేర్చే దారిని, సైకిల్ మీద చుట్టి రావాలంటే దూరాన్ని రెండు రోజులకు సమానంగా పంచుకోమని అందులో రాశారు. వినడానికి బాగుంది కానీ, రెండో రోజు కాళ్లు మన మాట వినవు. నేనైతే మొదటి రోజే 60 శాతం లాగించేస్తాను. అదీ కిలోమీటర్లు చూసి కాదు, ఎక్కాల్సిన ఎత్తు చూసి. తారు రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్లు తొక్కేవాళ్లు కూడా సామానుతో మట్టిదారిలో 10, 12కి దిగిపోతారు. పైగా లూప్‌లో సగం దూరం వచ్చాక వెనక్కి తిరిగినా కలిసొచ్చేదేమీ ఉండదు. మధ్యలో బయటపడే దారులు ముందే మ్యాప్‌లో గుర్తు పెట్టుకోవాలి.

సీటు వెనక బ్యాగులో బరువులు కుక్కొద్దని ఆ వ్యాసంలో అన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. నా మొదటి ట్రిప్‌లో స్ట్రాప్ వదులై బ్యాగు జారి, వెనక టైరుకు రాసుకుంది. బరబరమని చప్పుడు వినిపిస్తూనే ఉంది, బద్ధకించి ఆగలేదు. తీరా దిగి చూస్తే అడుగున బొటనవేలు పట్టేంత చిల్లు, అందులోంచి వేలాడుతూ ఒక సాక్సు! ఇప్పుడు పనిముట్లు, నీళ్లు ఫ్రేమ్ మధ్యలోనే. వెనక బట్టలు, స్లీపింగ్ బ్యాగు, అంతే.

వ్యాసంలో స్పేర్ ట్యూబు గురించి రాశారు గానీ డిరైలర్ హ్యాంగర్ ఊసే లేదు. వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న లోహపు భాగం అది. సైకిల్ కుడివైపు పడితే ముందు వంగేది అదే. ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో ఆకారం కాబట్టి పక్కవాళ్లది అరువు తెచ్చుకున్నా చాలాసార్లు సరిపోదు. జేబులో పట్టేంత ముక్క, మీ ఫ్రేమ్‌కి సరిపోయేది ఒకటి బ్యాగులో వేసుకోండి.