నైపుణ్యం లేని కూలీలు, ఇద్దరు

తలకోన పైన అడవిలో పది రోజుల సర్వే క్యాంపు పెడితే ఖర్చుల పట్టీలో ఒక వరుస తప్పదు: ‘నైపుణ్యం లేని కూలీలు, ఇద్దరు’. ఆ ఇద్దరూ ఇక్కడి గిరిజనులైన యానాదులే అయ్యుంటారు. ఈ మాట మీద ఈమధ్య కొందరు గొణుగుతున్నారు. ఆ గొణుగుడు శుద్ధ అన్యాయం. ఎవరికి నైపుణ్యం ఉందో క్యాంపులో పూటపూటకీ రుజువవుతూనే ఉంటుంది.

గుడారం సంగతే తీసుకోండి. నైపుణ్యం ఉన్నవాళ్ళు దాన్ని వాగు ఇసుకలో వేస్తారు. మెత్తగా, చదునుగా ఉంటుంది, మేకు ఒక్క దెబ్బకే దిగుతుంది. నైపుణ్యం లేనివాడు ఒడ్డున చెట్టుకొమ్మల్లో చిక్కుకున్న ఎండు చెత్తను చూపించి, “సామీ, నీళ్ళు ఆడిదాకా వస్తాయి” అంటాడు. క్యాంపు దగ్గర చుక్క పడకపోయినా, పైన కొండ మీద కురిస్తే చాలు. అక్టోబరు, నవంబరుల్లో వాగే వచ్చి అర్ధరాత్రి నిద్ర లేపుతుంది.

ఎండాకాలంలో ఇంకో తంటా. ఖరీదైన ఫిల్టరు ఉంటుంది, అందులో పోయడానికి నీళ్ళుండవు. యానాది వాగు మలుపులో, తుంగ పచ్చగా ఉన్న చోటు చూసి మూరెడు లోతు చెలమ తవ్వుతాడు. మొదట ఊరిన బురద నీళ్ళు రెండుసార్లు తోడి పారబోస్తాడు. మూడోసారి ఊరినవి తేటపడేదాకా పక్కనే కూర్చుంటాడు. ఈ కూర్చోవడాన్ని హాజరు పట్టీలో ‘ఖాళీగా ఉన్నాడు’ అని రాయాలి. (ఆ నీళ్ళయినా మరగకాచే తాగాలి. కడుపుకు హోదాతో పనిలేదు.)

ఇక వంట. గ్యాసు డబ్బా గాలికి రెండింతలు ఖర్చయి మూడోనాటికే చేతులెత్తేస్తుంది. నైపుణ్యం ఉన్నవాళ్ళు నేల మీది కట్టెలు ఏరుకొస్తారు. అవి తడి పీల్చుకునుంటాయి కాబట్టి పొగ పుష్కలం, మంట పూజ్యం. చెట్టు మీదే ఎండి, విరిస్తే టప్పుమనే కొమ్మ కావాలని కూలీకి తెలుసు. కానీ అది ఏ సర్టిఫికెట్లోనూ లేదు.

రాగి సంగటి దగ్గరైతే చదువు మరీ బయటపడుతుంది. ఒక గ్లాసు నూకలు మెత్తగా ఉడికాక, రెండు గ్లాసుల పిండి కుప్పగా పోసి, నడిమధ్యన కట్టెతో బొక్క పెట్టి, మూతేసి, సన్నసెగ మీద పది నిమిషాలు వదిలేయాలి. అప్పటిదాకా తెడ్డు ముట్టకూడదు. చదువుకున్న చెయ్యి ఊరుకోదు కదా, పోసీ పోయకముందే గెలుకుతుంది. గోలీకాయల్లాంటి ఉండలు కడతాయి, కొరికితే లోపల పొడిపిండి. వాటికి ఊరిబిండి పచ్చడి నంజుకోవడం ఊరిబిండికే అవమానం.

చెప్పులు దులపకుండా తొడగడం, దోమతెర అంచు చాప కిందికి దోపకుండా పడుకోవడం కూడా నైపుణ్యాల కిందికే వస్తాయి. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుందని పుస్తకంలో చదివిన వాళ్ళే ఇవి చేస్తారు.

అన్నిటికీ మించిన రుజువు పక్క జిల్లాలో ఉంది. కలివికోడి అనే అరుదైన పిట్ట 1848లో శాస్త్రగ్రంథాలకెక్కింది, 1900 తర్వాత ఎవరికీ కనబడలేదన్నారు. 1986లో కడప జిల్లాలో ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టి చూపించాడు. ‘మళ్ళీ కనుగొన్నారు’ అని లోకమంతా రాశారు. అది తప్పిపోయిందన్న కబురు 86 ఏళ్ళపాటు ఆ ఊళ్ళవాళ్ళకు ఎవరూ చెప్పకపోవడం సమాచార లోపమే, సందేహం లేదు.

కనుక వచ్చే ఏడాది బడ్జెట్టుకు ఈ సూచనలు: ఇంకా పెద్ద ఫిల్టరు ఒకటి, గాలికి ఆరని స్టవ్వు ఒకటి, వాగులో తడవని గుడారాలు నాలుగు. ఖర్చు సర్దుబాటు కోసం నైపుణ్యం లేని కూలీల్లో ఒకరిని తగ్గించవచ్చు. మిగిలినవాడు ఇవన్నీ కొండెక్కిస్తాడు.