ఏం నొక్కావ్?

మొన్న రాత్రి పదకొండింటికి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. బెంగళూరులో సర్వర్లు కాపలా కాసే ఉద్యోగం వాడిది. "మామయ్యా, కొంప మునిగింది. స్క్రీన్ బిగుసుకుపోయింది. ఏం కొట్టినా ఉలుకూ లేదు, పలుకూ లేదు" అన్నాడు. సర్వర్‌కేం, గుండ్రాయిలా ఉంది. వీడు ఫైల్ సేవ్ చేద్దామని అలవాటు కొద్దీ కంట్రోల్-ఎస్ నొక్కాడు. ఆజ్ఞలు టైపు చేసే ఆ నల్లటి టెర్మినల్ విండోలో కంట్రోల్-ఎస్ అంటే సేవ్ కాదు, 'నోర్ముయ్' అని. అది బుద్ధిగా మూసుకుంది.

ఈ సంస్కారం టెలిటైపుల నాటిది, అంటే తీగ మీద వచ్చిన అక్షరాల్ని కాగితం మీద కొట్టే మిషన్ల నాటిది. కాగితపు టేపు రీడర్‌ను ఆపమనడానికి, నడపమనడానికి అక్షరాలకి నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో 19, 17 నంబర్లు పెట్టుకున్నారు. కీబోర్డు మీద అవే కంట్రోల్-ఎస్, కంట్రోల్-క్యూ. టేపుకి అవసరం, కాదనను. కానీ దాన్ని మన నెత్తికి చుట్టిన ఘనత మాత్రం వీడియో టెర్మినళ్లదే, అంటే ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కి తగిలించిన తెర, కీబోర్డుల జంటదే. ముఖ్యంగా 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వీటీ100ది.

9600 బాడ్ వేగం మీద సెకనుకు 960 అక్షరాలు వచ్చిపడతాయి. వాటిని పట్టుకోడానికి ఈ మహాయంత్రం దగ్గరున్నది 64 అక్షరాల తొట్టి. సగం నిండగానే కంగారుపడి, పెళ్లి పంక్తిలో విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు, తనంతట తానే కంప్యూటర్‌కి కంట్రోల్-ఎస్ పంపుతుంది. కాస్త ఖాళీ అయ్యాక కంట్రోల్-క్యూ పంపుతుంది. అంటే, మళ్లీ వడ్డించండి అని. వినడానికి ముచ్చటగానే ఉంది కదా? వడ్డించేవాడికి ఆ భాష వస్తే ముచ్చటే.

ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్ ఈమాక్స్‌కి రాదు. ఈమాక్స్‌లో కంట్రోల్-ఎస్ అంటే 'వెతుకు'. ఇప్పుడు చూడండి. మీరు తలొంచుకుని ప్రోగ్రామ్ రాసుకుంటున్నారు. టెర్మినల్‌కి కడుపు నిండి "చాలు" అంది. ఈమాక్స్ "చిత్తం, ఏం వెతకమంటారు?" అని కింద లైన్లో చేతులు కట్టుకుని నిలబడింది. మీకీ సంగతి తెలీదు. మీరు టైపు చేసిన ప్రతి అక్షరాన్నీ అది వెతుకుతూ పోతోంది. కర్సర్ ఎక్కడికో గెంతింది. గెంతిన చోటు చూపించడానికి తెర మళ్లీ గీసింది. గీయడమంటే ఇంకో తట్టెడు అక్షరాలు పంపడమే! టెర్మినల్ గుటకలు మింగి మళ్లీ "చాలు" అంది. ఈమాక్స్‌కి అది "తర్వాతది వెతుకు" అని వినిపించింది. వెతికింది, గెంతింది, గీసింది. ఇద్దరు చెవిటివాళ్ల మధ్య మీ ప్రోగ్రామ్. దీనికి ఈమాక్స్ వాళ్లు కనిపెట్టిన పరిహారం ఏమిటో తెలుసా? వెతకడానికి వేరే కీ అలవాటు చేసుకోమన్నారు. దొంగ ఇంట్లోనే ఉన్నాడు, ఇంటాయనే వేరే వాటా చూసుకోవాలి.

సరే, మనిషి ఆపుకోడానికి వీటీ100లో 'నో స్క్రోల్' అని విడిగా ఓ కీ కూడా ఇచ్చారు. ఎక్కడ? ఎడమ షిఫ్ట్ పక్కనే. పెద్దక్షరం కొట్టబోయి చిటికెన వేలు కాస్త జారితే చాలు, తెర స్తంభించిపోతుంది. పోనీ ఆగిందని చెప్పే దీపమైనా ఉందా? కీబోర్డు మీద ఏడు దీపాలున్నాయి. అందులో నాలుగు ఎల్1, ఎల్2, ఎల్3, ఎల్4. అంటే ఏమిటని అడక్కండి, ప్రోగ్రామర్‌కి ఎలా తోస్తే అలా వెలిగించుకోవచ్చు. దీపావళికి పనికొస్తాయి. తెర ఆగిందని చెప్పడానికి మాత్రం ఒక్కటీ లేదు.

నవ్వొస్తోందా? నాకు రావడం లేదు. మా కాలేజీ ల్యాబ్‌లో ఉన్నవి ఏ కంపెనీవో చెప్పను, జబ్బు మాత్రం ఇదే. నా పక్క సీటు కుర్రాడు అప్పటిదాకా టైప్‌రైటర్ కూడా ముట్టుకోలేదు. పరీక్ష మధ్యలో తెర ఆగిపోయింది. ల్యాబ్ సార్ వచ్చి "ఏం నొక్కావ్?" అన్నారు. ఏమో, వాడికేం తెలుసు? "ఏం నొక్కావని అడుగుతున్నా!" గదంతా చూస్తోంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి. స్విచ్ కట్టేసి, వాణ్ణి బయట నిలబెట్టారు. కంట్రోల్-క్యూ ఒక్కటి నొక్కితే పోయేదని ఆ సార్‌కీ తెలీదు! నోరు విప్పి 'నేను ఆగాను' అని రెండు ముక్కలు చెప్పలేని డబ్బాని తయారుచేసినవాణ్ణి ఎవడూ ఏమీ అడగలేదు. అడిగింది వేలు పెట్టినవాణ్ణి. ఆ తర్వాత వాడు ల్యాబ్‌లో రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నాకింకా గుర్తే.

మేనల్లుడికి ఇదంతా చెప్పలేదు, రాత్రి పదకొండు కదా. "కంట్రోల్-క్యూ నొక్కరా, లేస్తుంది" అన్నాను. నొక్కాడు. కాకపోతే పక్కనున్న బ్రౌజర్‌లో నొక్కాడు. అక్కడ కంట్రోల్-క్యూ అంటే దుకాణం కట్టేయమని. తెరిచి పెట్టుకున్న ముప్పై ట్యాబులూ ఒక్క దెబ్బకి మాయం.

"మామయ్యా!" అని కేక.

నా నోట్లోంచి ముందు వచ్చిన మాట, సిగ్గు విడిచి చెబుతున్నాను, "ఏం నొక్కావ్?"